రెండో చాట

"దీంట్ల నీ సవతి ఉన్నది. ఆమెకు కోపం రాకుండ చూసుకోవాలె, సమజైందా?" అంటూ బుచ్చవ్వ కొంగు ముడి విప్పి, ఎర్ర కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసి సత్తవ్వ ముందు పెట్టింది.

సత్తవ్వ అప్పుడు తల్లిగారింటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. చేతులు కొంగుకు తుడుచుకుని పొట్లం విప్పింది. గోరంత బంగారు బిళ్ళ. సవతి పుస్తె. పెళ్ళాం పోయినవాడు మళ్ళీ మనువాడితే, వచ్చే ఆడది పోయినామె పేరు మీద ఒక పుస్తె మెడలో వేసుకోవాలి. కొత్త చీర కట్టుకునే ముందు దానికి తాకించాలి. పండుగ పూట మొదటి ముద్ద ఆమె పేరు మీద తీసి పక్కన పెట్టాలి. లేదంటే పోయినామె అలిగి కాపురంలో చిచ్చు పెడుతుందని భయం. ఉన్నన్నాళ్ళు ఆ పోయినామె, చంద్రవ్వ, అలిగితే పట్టించుకున్నారో లేదో ఆ దేవునికే ఎరుక. పోయాక మాత్రం ఆమెకు కోపం వస్తుందేమోనని ఇంటిల్లిపాదీ వణుకుతున్నారు. ఆడదానికి ఆ మాత్రం మర్యాద దక్కాలంటే చచ్చిపోవాలి కాబోలు అనుకున్నది సత్తవ్వ.

సత్తవ్వను మనువాడబోయే కైలాసానికి బుచ్చవ్వ అక్క. తమ్ముని మారుమనువు బాధ్యతంతా నెత్తిన వేసుకుని వచ్చింది.

"మేళం లేదు, పందిరి లేదు. దీపాలు పెట్టినంక నలుగురం కూసొని కానిచ్చుకుందాం. ఇంగొక్క మాట చెల్లె. మా గడప తొక్కినంక నీ మొదటోని ముచ్చట మా ఇంట్ల వినవడద్దు. చచ్చినోడు వెంబడి వస్తే ఇల్లు మంచిగుండది."

"అట్లనే బిడ్డా, అట్లనే" అంటున్నది లోపలి నుంచి సత్తవ్వ తల్లి యాదవ్వ. బిడ్డకు మళ్ళీ ఒక నీడ దొరికితే చాలునని ఆమె ఆరాటం. సత్తవ్వ మళ్ళీ చింతపండు చేతికి తీసుకుంది. చంద్రవ్వ మాత్రం మెడలోకి రావాలి, తన మొదటి మొగుడు రాయమల్లు గడప బయటే ఉండిపోవాలి. ఈ న్యాయం ఎవరు చెప్పారో గాని మగవాడే చెప్పి ఉంటాడు.

రజాకార్ల లొల్లి సద్దుమణిగిన మరుసటేడు ఆమె హుస్నాబాద్ పక్క పల్లెలో రాయమల్లు ఇంటికి కోడలై పోయింది. వాళ్ళది మోట బావి కింద వ్యవసాయం. కోడి కూయకముందే రాయమల్లు ఎడ్లను కట్టేవాడు. అవి ఏటవాలులో కిందికి నడిస్తే తోలు బొక్కెన నిండుగా పైకొచ్చి కాలువలో కుమ్మరించేది. ఆ నీళ్ళను మడి మడికీ మలపడం సత్తవ్వ పని. ఆయన ఆ కొసన, ఈమె ఈ కొసన, నడుమ మనిషెత్తు మక్కచేను. మనిషి కనిపించడు, గొంతు ఒక్కటే వినిపించేది. ఎడ్లను తోలుతూ పాట ఎత్తుకునేవాడు. రాగం ఎప్పుడూ కుదిరేది కాదు, పాపం ఎడ్లే అలవాటు పడ్డాయి. ఇంట్లో అత్త ముందు మొగుడూ పెళ్ళాం నోరు విప్పి మాట్లాడుకునే పద్ధతి లేదు గనుక, వాళ్ళ సంసారమంతా చేను మీదుగా ఎడ్ల పేరు మీదనే సాగింది. "ఓ ఎర్రన్నా, ఇయ్యాల నీ ముఖం చిన్నబోయిందేందిరా? అవ్వ తిట్టిందా? మనసుల పెట్టుకోకు" అని పాట నడుమ అరిచేవాడు. అది ఎద్దుకు కాదని సత్తవ్వకు తెలుసు. బురదలో మోకాళ్ళ దాకా దిగి, పార పట్టుకుని, ఎవరూ చూడని చోట నవ్వుకునేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు కాళ్ళ కింద చల్లగా నీళ్ళు పారినట్టే ఉంటుంది.

పుట్టిన పిల్లలు నిలవలేదు. ఒక వానకాలం ఊళ్ళోకి గత్తర, అదే కలరా, వచ్చింది. పొద్దున మోట కట్టిన రాయమల్లు మాపటికి లేడు.

తర్వాతి బతుకును సత్తవ్వ ఎవరికీ చెప్పదు, చెప్పడానికి అందులో ముచ్చటేమీ లేదు. పెంట ఎత్తింది, నాట్లు వేసింది, కలుపు తీసింది, మరిది పోశం మోట కొడుతుంటే నీళ్ళు మలిపింది. పోశం పాడేవాడు కాదు. తోడికోడలి పిల్లలకు నీళ్ళు పోసింది, వాళ్ళ పెళ్ళిచూపుల నాడు కొట్టంలో కూర్చున్నది. "మొగన్ని మింగినదానికి ఆకలెక్కువ" అని అత్త లింగవ్వ అన్నం వడ్డిస్తూనే అనేది. ఒకసారి తోడికోడలు పుట్టింటికి పోతే, నెల రోజులు ఇద్దరు మనుషుల పని చేసి, ఒక చీర కొనిపెట్టమని నోరు తెరిచి అడిగింది. "ఇంటి మనిషికి కూలేంది వదినె?" అన్నాడు పోశం. మరి భూమిలో ఆమెకు రావలసిన పాలు మాటేమిటని కులపెద్దలు అడిగిన నాడు, "కొడుకులు లేనామె, రేపెటో పోయే మనిషి, ఆమెకు పాలేంది?" అన్నదీ వాడే. పనికి ఇంటి మనిషి, పాలుకు పరాయి మనిషి. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో ఎట్లా ఇమిడాయో సత్తవ్వకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆ తర్వాత ఊళ్ళోకి ఆయిలింజన్లు వచ్చాయి. పోశం కూడా ఒకటి కొని మోట విప్పేశాడు. ఇంత మంది అక్కర్లేదని తేలిపోయింది. దసరాకు తల్లిగారింటికి పంపించి, మళ్ళీ రమ్మని కబురు పెట్టలేదు. పాత మోటను కొట్టంలో వేసినట్టు ఆమెను పుట్టింట్లో వేశారు.

యాదవ్వకు పెరడు ఉంది. సత్తవ్వ వంకాయలు, బీరకాయలు పండించి వారం వారం హుస్నాబాద్ అంగడికి తెచ్చి అమ్మేది. ఆమె పక్కనే కైలాసం జనపనార తాళ్ళు, మోకులు పరుచుకుని కూర్చునేవాడు. చాలా వారాలు ఇద్దరూ ఎవరి సరుకు వాళ్ళదే అన్నట్టు ఉన్నారు. ఒకరోజు ఆయన తేరిపార చూసి అడిగాడు.

"నువ్వు రాయమల్లు ఇంటామెవు గదా? మోటకు మోకు గావాలంటే నా దగ్గరికే వస్తుండె. బేరం చెయ్యకపోయేటోడు. పాట పాడుత, తక్కువ చెయ్యి అంటుండె. పాట వద్దు గని ఊకెనే తీస్కపో అనేటోన్ని."

ఏళ్ళ తర్వాత ఒక మనిషి నోట రాయమల్లు పేరు నవ్వుతూ వచ్చింది. సత్తవ్వ వంకాయల కుప్ప మీదికి వంగి నవ్వింది, వంగిన మనిషి అట్లాగే ఏడ్చింది. కైలాసం తనకు నీడగా పైన కట్టుకున్న గుడ్డ కొసను ఆమె వైపు ఎండకు అడ్డంగా జరిపి కట్టాడు.

అప్పటి నుంచి ఆమె అంగడి కోసం ఎదురుచూసేది. ఆయన చంద్రవ్వ ముచ్చట చెప్పేవాడు. "తాళ్ళన్నీ ఆమెనే పేనేది సత్తవ్వా. అరచేతులు పగిలిపోతుండె. అందరు కైలాసం తాళ్ళు అంటె నేను ఔనంటుంటి. ఒక్కనాడన్న ఇవి నీ తాళ్ళే అని ఆమెతోని అనకపోతిని" అని చెప్పుకుని బాధపడేవాడు. లోకంలో మనసులు ఎట్లెట్ల కలుస్తాయో గాని, వీళ్ళిద్దరివి మాత్రం పోయినవాళ్ళ ముచ్చట్లలో కలిశాయి. అందుకే మొదటోని ముచ్చట వినవడద్దన్న బుచ్చవ్వ మాట సత్తవ్వకు అన్నం సహించనివ్వలేదు. ఆ వారం అంగట్లో గంప దించుతూనే కైలాసంతో అన్నది.

"మీ అక్క పుస్తె తెచ్చిచ్చింది."

"నచ్చలేదా ఏంది?"

"నచ్చకేంది. చంద్రవ్వను మెడల ఏసుకుంట. ఆమె కష్టం నాకెరుకే. మరి మా ఆయన్ను నువ్వేడ పెట్టుకుంటవ్?"

కైలాసం చేతిలో తాడు అట్లాగే ఉండిపోయింది. "మగోళ్ళకు గసొంటి ఆచారం లేదు గదా సత్తవ్వా."

"మగోళ్ళకు ఆచారం లేకుంటే లేకపాయె. ఆడోళ్ళకు పోయినోని మీద మనాది గూడ ఉండదా?"

"అక్క ఒప్పుకోదు. ఊరోళ్ళు గూడ నవ్వుతరు. మొదటి మొగన్ని వెంటేసుకొని వచ్చిందంటరు."

"అననియ్యి. గా ముచ్చట చెప్పినవనే గదా నీ దిక్కు చూసిన. అంగట్ల మంచిగున్న ముచ్చట ఇంట్ల పాపమైతే, నాకు గీ అంగడే నయం."

ఆమె కోపంగా అనలేదు. వంకాయలు ఏరుతూ, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అందుకే ఆయనకు దడ పుట్టింది. ఒక గిరాకీ వచ్చి తాడు బేరం చేస్తే అడిగిన ధరకే ఇచ్చి పంపించాడు.

"పెత్రమాసకు పోయిన పెద్దలకు బియ్యమిస్తం గదా" అన్నాడు చివరికి. "చంద్రవ్వ పేరు మీద ఒక చాట ఇస్తె, ఆయన పేరు మీద ఇంకో చాట ఇద్దాం. అయ్యగారికి పేరు నేనే చెప్త. అక్క ముందటనే చెప్త."

సత్తవ్వ కళ్ళు నిండాయి. రాయమల్లుకు కొడుకు లేడు. పెత్రమాస వస్తే పోశం తన తండ్రి పేరు మీద ఇచ్చి ఊరుకుంటాడు. ఆ ఒక్కరోజన్నా ఆయన పేరు తలిచే ఇల్లు భూమ్మీద లేదు. కైలాసం ఇచ్చిన మాట మీదనే ఆమె ఒప్పుకున్నది.

దీపాలు పెట్టాక మారుమనువు అయింది. ముందు సవతి పుస్తె, తర్వాత తన పుస్తె, రెండూ మెడలో పడ్డాయి. కైలాసం మంచివాడు. రోజూ పక్కన కూర్చుని నార పేనేవాడు, అంగట్లో ఎవరైనా తాళ్ళు బాగున్నాయంటే "మా సత్తవ్వ పేనింది" అనేవాడు. కాని బుచ్చవ్వది పక్కిల్లే. ఆమె గొంతు వినిపిస్తే చాలు, ఆయన నోట్లో రాయమల్లు ముచ్చట సగంలోనే ఆగిపోయేది. సత్తవ్వ గమనించింది. పెత్రమాస రానీ అనుకున్నది.

వచ్చింది. ఊరంతా బతుకమ్మకు తంగేడు, గునుగు పువ్వులు తెచ్చుకునే హడావుడిలో ఉంది. కైలాసం తల్లిదండ్రులకు పెద్దన్న ఇంట్లోనే ఇస్తారు గనుక, సత్తవ్వ అలికిన వాకిట్లో రెండే చాటలు పెట్టింది. రెండింట్లోనూ బియ్యం, పప్పు, బీరకాయలు, గుమ్మడికాయ ముక్క, చింతపండు. బుచ్చవ్వ వచ్చి రెండు చాటలనూ చూసి ముఖం చిట్లించింది. అయ్యగారు పీట మీద కూర్చున్నారు.

"ఎవరి పేరు మీద?"

"చంద్రవ్వ పేరు మీద" అన్నాడు కైలాసం. అయ్యగారు మంత్రం చదివి నీళ్ళు విడిపించారు. తర్వాత రెండో చాట వైపు చూశారు.

"ఇది?"

కైలాసం గొంతు సవరించుకున్నాడు. అక్క వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"ఎవ్వల్లేరు అయ్యగారూ" అన్నది బుచ్చవ్వ. "కొత్తామె, తెల్వక ఒకటెక్కువ పెట్టింది. అది గూడ చంద్రవ్వకే కలుపుండ్రి."

సత్తవ్వ ఇంకొంచెం సేపు కైలాసం వైపే చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఆమెకు కోపం రాలేదు. భయపడే మనిషి మీద కోపమేమిటి? కాని రాయమల్లు వాకిట్లోకి వచ్చి, పిలిచేవాళ్ళు లేక వెనక్కి పోతున్నట్టు అనిపించి ప్రాణం విలవిల్లాడింది. పేరు చెప్పడానికి ఇంకెవరున్నారు? తను చెప్పకూడదు. మొగుని పేరు ఆడది నోటితో అనకూడదు. కాపురం చేసినన్నాళ్ళు ఆయన పేరు ఆమె పలకలేదు. ఓట్లు రాసుకునేవాళ్ళు వస్తే పక్కింటి వాళ్ళు చెప్పారు. శవం మీద పడి ఏడ్చిన నాడు కూడా నా అయ్యా, నా రాజా అని ఏడ్చిందే గాని పేరు పెట్టి పిలవలేదు. ముండమోసిన ఏళ్ళన్నీ మా ఆయన, మా ఆయన అనే గడిపింది. నిజమే, మొగుని పేరు అనకూడదు. కాని ఇప్పుడు తన మొగుడు తల దించుకుని ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి. ఈయన పేరు అనకూడదు.

ఆ మాట తట్టగానే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకొకరి పెళ్ళామయ్యాక గాని ఆయన పేరు పలకడానికి తనకు నోరు రాలేదు!

"రాయమల్లు" అన్నది.

బుచ్చవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. కైలాసం తలెత్తాడు. ఒక్క అడుగు ముందుకు వేసి, వంగి, రెండో చాటను రెండు చేతులతో ఎత్తి అయ్యగారి ముందు పెట్టాడు.

"సరిగా వినపడలేదమ్మా, ఏమంటివి?" అన్నారు అయ్యగారు.

సత్తవ్వ కళ్ళు తుడుచుకుని, ఈసారి వాకిలి దాటి వీధిలోకి వినపడేటంత గట్టిగా అన్నది.

"రాయమల్లు."