బొమ్మకి దొరగారి కోటు

ఈస్టర్‌కి ముందురోజు మా ఊళ్ళో, ఏసుని అమ్మేసిన ఇస్కరియోతు యూదా బొమ్మని తగలేస్తాం. కాలేముందు ఆ బొమ్మ తన ఆస్తి ఊళ్ళోవాళ్ళకి పంచిపెడుతుంది. దాని వెనక దాక్కుని మాట్లాడేది నేనే. బొమ్మ ఎవర్ని ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. మా పరాగ్వేలో అది కట్టుబాటు. నాకంతకంటే మంచి ఉద్యోగం ఎవరిస్తారు?

బొమ్మకి ఏటా పాతబట్టలిచ్చేది ఎర్విన్ దొర. జర్మనీవాడు. యుద్ధం అయిపోయాక వచ్చి నది ఒడ్డున సామిల్లు పెట్టాడు. బడికి పైకప్పు వేయించాడు, పోలీసు ఇన్‌స్పెక్టర్ ఫ్లెయితాస్‌కి మోటారు పడవ కొనిచ్చాడు.

ఆ ఏడు బట్టలకొట్టు పెర్లా నన్ను పిలిచింది. పోలండ్ నుంచి వచ్చిన యూదు మనిషి, గుడ్డలమ్మి బట్టలు కుడుతుంది.

"నిన్న దొర చొక్కాగుడ్డకి వచ్చాడు. ఇది కాదు, అది అంటూ బొటనవేలు ఇలా తిప్పాడు. నాజీల క్యాంపులో మా చెల్లిని చావుకి పంపిన వేలు అదే. వాడు ఎర్విన్ కాదు, వెర్నర్ ల్యూడ్కే."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా అమ్మా?"

"చెప్పాను. ఇంకోసారి నోరెత్తితే కొట్టు మూయించి ఊళ్ళోంచి గెంటేస్తానన్నాడు. ఏటేటా మావాడినే కాలుస్తారుగా ఎలీహియో, ఈసారి మనిషిని మార్చు."

"మీరు నోరెత్తకండి. బొమ్మ ఎత్తుతుంది."

శనివారం పొద్దుగూకే వేళకి ఊరంతా చేరింది. దొర, ఇన్‌స్పెక్టర్ ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. బొమ్మకి దొరగారి కోటు భలే కుదిరింది.

"నా మీసాలు ఫాదర్‌గారికి, ఆయనకి ఎలాగూ మొలవవు. నా సిగ్గు ఇన్‌స్పెక్టర్‌గారికి, ఆయన దగ్గర బొత్తిగా లేదు" అన్నాను.

అందరికంటే గట్టిగా దొరే నవ్వాడు.

"ఈ కోటు మాత్రం దీని సొంతదారుకే. వెర్నర్ ల్యూడ్కేకి. క్యాంపులో బొటనవేలు తిప్పి ఆడపిల్లల్ని చావుకి పంపినవాడికి. అదిగో, ముందు వరసలోనే ఉన్నాడు."

దొర గబుక్కున బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఊరంతా ఆ పిడికిలే చూసింది.

"ఒరే ఎలీహియో, లోపలేయిస్తా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాతో ఏంటి సార్, బొమ్మని అడగండి. తొందరగా అడగండి, నిప్పంటిస్తున్నారు."

బొమ్మ కాలుతుండగానే దొర ఇన్‌స్పెక్టర్‌గారి పడవెక్కి అవతలి ఒడ్డుకి, అర్జెంటీనాకి దాటేశాడు. కోర్టు లేదు, సంకెళ్ళు లేవు. మంచం మీదే, ముసలాడై చచ్చాడని చాలా ఏళ్ళకి తెలిసింది. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సోమవారం ఇన్‌స్పెక్టర్ తాళం పట్టుకుని పెర్లా కొట్టుకి వచ్చాడు. లోపల అడుగు పెట్టే చోటు లేదు, ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. నేను గుమ్మంలో కూర్చుని పొగాకు నములుతున్నట్టు నటిస్తున్నాను.

"సామాను సర్దుకో. బంగారంలాంటి మనిషిని తరిమేశావు" అన్నాడు.

"నేనేం మాట్లాడాను? బొమ్మ మాట్లాడింది. ఊరంతా విన్నారు" అంది పెర్లా.

"కొట్టు మూస్తే మా లంగాలు మీరు కుడతారా?" అంది రొట్టెలమ్మే సెఫెరీనా.

పెర్లా మెడలోని టేపు తీసి ఇన్‌స్పెక్టర్ భుజాల మీద పరిచింది.

"కదలకండి సార్, కొలత తీసుకోనివ్వండి. వచ్చే ఏడు బొమ్మకి కోటిచ్చేవాళ్ళు లేరు, మీ కొలతకే కుడతాను."

తాళం చేతిలోనే పట్టుకుని ఆయన నన్ను దాటుకుంటూ మెట్లు దిగిపోయాడు.