అమీనా అన్న మాట

దాచేపల్లిలో లారీలు బాగుచేసే ముర్తుజా పాత టైర్ల కుప్పలో చెయ్యి పెట్టాడు. నాగుపాము కరిచింది. అప్పుడు పట్టపగలు పదకొండు గంటలు. రిపేరు పూర్తయిన లారీ ఒకటి షెడ్డు ముందే ఉంటే భార్య అమీనా బీ, అన్న షౌకత్ అతన్ని అందులోనే ఎక్కించుకుని నరసరావుపేట బయలుదేరారు. పిడుగురాళ్ల దాటేసరికి ముర్తుజా రెప్పలు వాలిపోయాయి.

"అమీనా, నువ్వు ఇద్దరుగా కనపడతన్నావేంది?" అన్నాడు.

ఆ తర్వాత నాలుక తిరగలేదు. ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కించేటప్పటికి ఊపిరి కూడా అందడం మానేసింది. డాక్టరు నోట్లోంచి గొంతులోకి గొట్టం దింపి మిషనుకు తగిలించాడు. విషం విరగడానికి ఇంజెక్షన్లు పొడిచారు.

రెండో రోజుకీ ముర్తుజాలో చలనం లేదు. మిషను బుస్సుమన్నప్పుడల్లా రొమ్ము లేచేది, ఆగినప్పుడల్లా దిగేది. రెప్పలెత్తి టార్చి వేసినా కనుపాప కదలలేదు. మనిషి ఉన్నాడనుకోవాలో, మిషనొక్కటే ఉందనుకోవాలో అమీనాకు తెలియలేదు.

నర్సు లీలావతిది ఎడ్లపాడు. ఆమె చేసే పని చూస్తే అమీనాకు ఇంకా అయోమయంగా ఉండేది. రెండు గంటలకోసారి అతన్ని పక్కకు తిప్పి వీపు తుడిచేది. కళ్లు ఎండిపోకుండా మందు చుక్కలు వేసి, రెప్పలు మూసి పట్టీ అంటించేది. ఏం చేయబోయినా ముందు అతనితో చెప్పేది.

"ముర్తుజా అన్నా, గొట్టంలో కళ్లె తీస్తన్నా. కాస్త ఇబ్బందిగా ఉంటది, ఓర్చుకో."

"ఆయనకు వినపడతదా సిస్టరమ్మా?" అని అడిగింది అమీనా.

"విషం కండరాల్నే కట్టేసిందంటన్నారు డాక్టరుగారు. వినపడతదనే మాట్లాడతన్నా. నిజంగా వినపడతందో లేదో నాకూ తెలవదమ్మా."

ఆ డాక్టరే వరండాలో షౌకత్‌తో, "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్నాడు. ఎవరి మాట పట్టుకోవాలి?

మూడో రోజు పొద్దున ముర్తుజా ఒళ్లు కాలిపోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మధ్యాహ్నం షౌకత్ అద్దెకారు తెచ్చి గుమ్మంలో పెట్టించాడు. మంచం పక్కకొచ్చి తమ్ముడి కాళ్లు ముట్టుకున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"వాడు పోయాడు అమీనా. గాలి కొట్టి రొమ్ము లేపుతుంటే ఉన్నాడని అనుకుంటన్నాం. గొట్టాలతో ఇట్టా హింస పెట్టొద్దు. ఇంటికి తీసుకుపోయి అబ్బా గోరీ పక్కన పడుకోబెడదాం."

అమీనా భర్త ముఖం వైపు చూసింది. మూడు రోజులుగా నిద్ర లేదు. ఏది దయో ఏది పాపమో తేల్చుకునే శక్తి ఆమెలో మిగల్లేదు.

"సరే భాయిజాన్. తీసుకుపోదాం," అంది.

షౌకత్ డాక్టరు కోసం వెళ్లబోతుండగా మిషను కీచుమని అరిచింది. ముర్తుజా రొమ్ము లేవలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. లీలావతి పరుగెత్తుకొచ్చి మిషను గొట్టం ఊడదీసి, చేత్తో నొక్కే రబ్బరు బ్యాగు తగిలించింది. బ్యాగు బిగుసుకుపోయింది.

"కళ్లె అడ్డం పడింది. అమీనమ్మా, ఇది పట్టుకో. నేను లాగేటప్పుడు ఆగు, తియ్యగానే తగిలించి నొక్కు."

అమీనా ఆలోచించలేదు. రెండు చేతులా బ్యాగు పట్టుకుంది. లీలావతి సన్నగొట్టం దింపి లాగింది. అమీనా నొక్కింది. లేవలేదు. మళ్లీ లాగింది. ఈసారి జిగురు ముద్దొకటి వచ్చింది. అమీనా నొక్కితే రొమ్ము నిండుగా లేచింది.

"లే, లేవయ్యా!" అంటూ నొక్కుతూనే ఉంది. ఇంటికి తీసుకుపోదామని ఇప్పుడే కదా అన్నాను, మరి దేనికింతగా నొక్కుతున్నాను అని ఆమెకే అంతుపట్టలేదు.

మళ్లీ మిషను తగిలించాక పట్టీ కిందనుంచి ముర్తుజా చెంప మీదికి నీటిబొట్టు జారింది.

"ఏడుస్తన్నాడా?" అన్నాడు షౌకత్.

లీలావతి వంగి చూసింది. "ఇందాకే చుక్కలు వేశానన్నా. అదో, కన్నీళ్లో చెప్పలేను."

షౌకత్ బయటికెళ్లి కారు పంపించేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం లీలావతి, "అన్నా, కాలివేలు ఆడించు," అంటే బొటనవేలు కదిలింది. నిమ్ము తగ్గడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. అప్పుడు గొట్టం తీశారు.

ముర్తుజా గొంతు బొంగురుపోయింది. అమీనా చెవి దగ్గర పెట్టి వినాల్సొచ్చేది.

"సిస్టరు ప్రతిసారీ చెప్పి చేసేది. నాకు వినపడేది," అన్నాడు.

అమీనా ఇంకాస్త వంగింది. "ఇంకేం వినపడింది?"

"అన్నీ కలిసిపోయినయ్. కలో నిజమో. అన్న గొంతు వినపడింది, ఇంటికని ఏదో. నువ్వు సరే అన్నావు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "దేనికి సరే అన్నావు?"

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆమెకు నోరు రాలేదు.

"నువ్వు లేవనుకున్నాం. మిషను తీయించి ఇంటికి తీసుకుపోదామన్నాడు భాయిజాన్. నేను సరే అన్నాను."

ముర్తుజా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కోపమో, నీరసమో, ఇంకా మందు మత్తో ఆమెకు అర్థం కాలేదు.

మళ్లీ ఇటు తిరిగి, "దాహమేస్తంది," అన్నాడు.

మింగడం సరిగా వచ్చేదాకా చెంచాతోనే పట్టమంది లీలావతి. అమీనా అతని తల ఎత్తిపట్టి ఒక చెంచా పోసింది. మింగాడు. రెండోది పోయబోతే చెయ్యెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వద్దంటున్నాడేమోనని ఆమె ఆగింది. అతను వదల్లేదు. ఆ చేతిని చెంచాతో సహా తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.