పదిసార్లు లేదన్న కన్ను

టార్చిలైటు సెల్లులో ప్రాణం ఉందో లేదో నాలుకకు ఆనించి చెప్పగల మనిషి ఉదయగిరి బజారులో సెల్లులమ్మే వీరరాఘవులు ఒక్కడే. అంత ఘనుడు తన ఎడమకంటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా అందులో శుక్లం ముదురుతోంది. చెబితే నెల్లూరు తీసుకుపోయి కత్తి పెడతారు. సీతారామపురం అడవిలో ఎలుగుబంటిని అదిలించానని ఊరంతా చెప్పుకునేవాడికి ఆ కత్తి తలుచుకుంటే ముచ్చెమటలు. భార్య హనుమాయమ్మకు కూడా తెలియదనే అనుకున్నాడు, పాపం.

యాభైనాలుగు వేసవిలో మద్రాసులో డాక్టరు చదివే బావమరిది శ్రీమన్నారాయణ సెలవులకు వచ్చాడు. వచ్చీరాగానే కన్ను చూశాడు.

"ఆపరేషన్ చేయిస్తే చూపొస్తాది బావా."

"కంటి వెనక తెర చచ్చిపోయినాక ఆపరేషన్ ఎందుకురా? లాంతరు పెట్టినా చీకటే!" నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడాడు వీరరాఘవులు.

"తెర బతికుండాదో లేదో నీ సెల్లే చెప్తాదిలే. నరం చుట్టూ పొర ఉంటాది. కరెంటు తగిలితే దాంట్లో కంటికి ఆనని దారులు తెరుచుకుంటాయంట. తగిలిందాన్ని అట్టనే పెట్టుకోనుంటే మూసుకుంటాయంట. ఏదో సముద్రపు జీవి నరంలో ఇంగ్లండు వాళ్ళు మొన్ననే కనిపెట్టినారు. కంటి తెరలోనూ ఇట్టాంటిదేదో ఉండాలంటాడు మా మేష్టరు."

"అంటే మన అంగడే గదరా! గిరాకీ రాగానే తలుపు తీస్తాం. వచ్చినోడు కబుర్లకు కూర్చుంటే మూసేస్తాం."

"అదే బావా. అందుకే తెర బతికుంటే వైరు తగిలించినప్పుడొక మెరుపు, తీసినప్పుడు దారులు మళ్ళీ కదిలి ఇంకొక మెరుపు. నడిమధ్యన ఏమీ ఉండదు."

మధ్యాహ్నం బేరాల్లేని వేళ వీరరాఘవులును పీటమీద కూర్చోబెట్టి రెండు కళ్ళకూ తువ్వాలు కట్టారు. ఉప్పునీళ్ళలో తడిపిన దూది ఒకటి ఎడమ కనుబొమమీద, ఒకటి మెడవెనక అంటించారు. కాగితంలో వరసగా చుట్టిన మూడు సెల్లులతో హనుమాయమ్మ వెనక కూర్చుంది. ఆమె చేతిలో వైరు.

"ఏదన్నా కనిపిస్తే చెప్పు బావా," అన్నాడు శ్రీమన్నారాయణ.

ఎంతసేపైనా నోరు మెదపకూడదని వీరరాఘవులు ఒట్టు పెట్టుకున్నాడు. ఇంతలో కంటి అంచున తెల్లగా తళుక్కుమంది.

"లేదు!" అన్నాడు, ఎవరో గట్టిగా అడిగినట్టు.

తరవాత చాలాసేపు చీకటి. అతనూ నోరెత్తలేదు. మళ్ళీ తళుక్కు.

"లేదు!"

ఇలా పదిసార్లు జరిగింది. ఆఖరిసారి లేదన్నాక వెనకనుంచి కిసుక్కుమన్న నవ్వు వినబడింది.

"అయిదుసార్లు తగిలించినాను, అయిదుసార్లు తీసినాను," అంది హనుమాయమ్మ. "చప్పుడు చెయ్యలేదు, చెప్పనూలేదు. సరిగ్గా అప్పుడే లేదంటారు మీరు! మిగతాప్పుడు ఏమీ లేదన్న సంగతి చెప్పరేం?"

శ్రీమన్నారాయణ పడీపడీ నవ్వి, నెల్లూరు బస్సు ఎప్పుడో కనుక్కొస్తానని వీధిలోకి పరుగెత్తాడు. వీరరాఘవులు తువ్వాలు తియ్యలేదు. ముఖం దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకలేదు.

"నీకెప్పట్నించి తెలుసు?"

"రెండేండ్లాయ. మంచినీళ్ళ చెంబు మీ కుడిపక్కకు మార్చింది ఎవరనుకున్నారు? మీరే చెప్తారని కాచుకోనుండాను. చెప్పలేదని ఏడుపొచ్చేది."

"భయం హనుమా," అన్నాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమె ముందు అనడం అదే మొదలు.

ఆమె ముందుకొచ్చి కూర్చుని అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆపరేషన్ గది వాకిట్లోనే నేనుంటాను, సరేనా? ఇంకొక్కసారి అడుగుతాను, నిజం చెప్పండి. ఇప్పుడు కనిపిస్తా ఉండాదా?"

బావమరిది వీధిలో ఉన్నాడు. ఆమె చేతులు రెండూ తన చేతిమీదే ఉన్నాయి. ఇక వైరు తగిలించేదెవరు? తువ్వాలు వెనక కటిక చీకటి.

"ఉండాది," అన్నాడు వీరరాఘవులు.