పళ్ళు టకటకమనే దాకా

పదకొండేళ్ళ పిల్లకు తల్లి జడ వేయడంలో వింతేముంది అని తనకు తానే చెప్పుకుంటోంది ఎస్తేరు, ఈతకొలను మెట్ల మీద కూర్చుని, వింత ఉంది, ఎందుకంటే జాయ్ రెండేళ్ళుగా తన జడ తానే వేసుకుంటుంది, ఈ పొద్దున దువ్వెన చెవి దాకా ఎత్తి, అక్కడే ఆపి, దించేసి, నువ్వే వెయ్యి మా అంది, ఇంకా నొప్పేనా అంటే ఏం లేదంది, ఏం లేకపోతే కుడిచెయ్యి చెవి దాటి పైకెందుకు పోదు, ఆ చేత్తోనే ఇప్పుడు నీళ్ళను కొడుతోంది, నలభై రెండో చుట్టు, ఎడమచెయ్యి ఎత్తుగా లేస్తోంది, కుడిది నీళ్ళ మీద ఈడ్చుకుంటూ వస్తోంది, గట్టు మీద విజిల్ పట్టుకుని నడుస్తూ ఈశ్వరప్ప సార్ అరుస్తున్నాడు, చెయ్యి లేపల్ల పాపా, ఏం, పొద్దున సంగటి తినలేదా, పక్క వరసలో పిల్లలు నవ్వుతున్నారు, నవ్వండి, మీ సార్‌ను ఒకసారి దిగమనండి, ఆ పొట్టేసుకుని నాలుగు చుట్లు కొట్టమనండి, చూద్దాం, సంగటి అంట, సంగటికీ భుజానికీ ఏం సంబంధం, నిన్న చూసిన డాక్టరు మూడు వారాలు నీళ్ళలో దించొద్దని చీటీ రాసి ఊరుకున్నాడా, ఇంత చిన్న పిల్లకు రెండు పూటలా ఈత ఎవరు పెట్టమన్నారమ్మా అని తననే కసిరాడు, ఎవరు పెట్టమంటారు, పోయి ఆ విజిలాయన్ను అడగవయ్యా, నన్నెందుకు అడుగుతావు, చీటీ సంచిలోనే ఉంది, టిఫిన్ డబ్బా కింద, ఇంకా సార్‌కు చూపించలేదు, పోటీలు పది రోజుల్లో ఉన్నాయి, చూపిస్తే పేరు కొట్టేస్తాడు.

అక్కా, నీ పాప చెయ్యి సరిగ్గా లేపడంల్యా, సార్‌కు చెప్పినావా, పక్క మెట్టు మీద నుంచి రేష్మా, సమీర్ వాళ్ళమ్మ, చెప్తాలే అంది ఎస్తేరు, నీ పని నువ్వు చూసుకో అని నోటిదాకా వచ్చింది, ఆమె కొడుకు వారానికి నాలుగు రోజులొచ్చి, ముప్పై చుట్లు కొట్టి, తక్కిన సేపంతా నోట్లో నీళ్ళు పట్టి వీళ్ళ మీదా వాళ్ళ మీదా ఊస్తూ ఆడుకుని పోతాడు, వాడికి పోటీలేమిటో ఏం తెలుసు, కానీ వాడి చేతులు రెండూ లేస్తున్నాయి, చూడు ఎట్లా లేస్తున్నాయో, దానికీ ఒళ్ళు మండుతోంది, గేటుకు అంటించిన కాగితం చూసినా మండుతోంది, బోరులో నీళ్ళు తగ్గాయి, నెలాఖరుకు కొలను మూసివేయబడును, మళ్ళీ వానలొచ్చాకే, ఈ జిల్లాలో శెనక్కాయ పంట లాగే ఈత కూడా మబ్బును చూసి వేసుకోవాలి కాబోలు.

ముదిగుబ్బ పక్కన తమ ఊళ్ళో కాగితం కూడా అంటించలేదు, బావే ఎండిపోయింది, ఆ బావిలోనే నాయన ఐజాక్ తన వీపుకు బెండు కట్టి దింపింది, నాయన మెట్టు మీద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు, ఎన్ని చుట్లని ఏనాడూ లెక్కపెట్టలేదు, తన పెదాలు నల్లబడి పళ్ళు టకటకమంటే చాలు, చాల్లే మే, పైకి రా, నీళ్ళు యాడికీ పోవు, అనేవాడు, నాయనా, పోయినాయి నాయనా, తను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బావి అడుగు తేలింది, ఆ తర్వాత ట్యాంకరు వచ్చిందంటే బిందెలు, బకెట్లు, గిన్నెలు, ఆఖరికి చెంబులు, గ్లాసులు కూడా నింపి పెట్టుకోవడమే, ఈ టౌనుకొచ్చి పన్నెండేళ్ళయినా కొళాయి చప్పుడు వింటే చేతులు ఆగవు, ఇంట్లో ఖాళీ గిన్నె కనిపిస్తే తప్పు చేసినట్టుంటుంది, నీళ్ళుండేదే మూడు నెల్లు గదా సార్, ఉన్నప్పుడే గదా, ఈ మాట ఎవరిది, ఎక్కడ విన్నది, జనవరిలో, ఇదే గట్టు మీద, జాయ్ తువ్వాలు కప్పుకుని పక్కనే నిలబడి ఉంది, ఇంకా బుడ్డ పాప గదమ్మా, పొద్దున ఒక పూట చాలు, ఆదివారం పండుకోనీ, అన్నది సార్, అవును, సారే అన్నాడు, నీళ్ళుండేదే మూడు నెల్లు, సాయంత్రం కూడా దింపండి సార్, మీకు దండం పెడతా, అన్నది తను, ఆయన తల గోక్కుని, నీ ఇష్టమమ్మా అన్నాడు, అనకుండా ఉండాల్సింది, పెద్ద మనిషివి, కోచ్‌వి, ఒక ఆడమనిషి దండం పెడితే ఒప్పుకునేయడమేనా, అయినా దండం పెట్టింది ఎవరు, జాయ్ అంతా విన్నది, విని ఆ సాయంత్రమే మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

నలభై మూడు, జాయ్ ఎడమచేత్తో గోడ పట్టుకుంది, పెదాలు నల్లగా ఉన్నాయి, ఎస్తేరు ఎప్పుడు లేచిందో, సంచిలోంచి చీటీ ఎప్పుడు తీసిందో, చెప్పులతో గట్టెక్కొద్దు ఏమ్మా, కనపడల్యా బోర్డు, అని సార్ అరుస్తున్నాడు, అరవనీ, ఆ చీటీ ఆయన చేతిలో పెట్టి గట్టు మీద కూలబడింది, చాల్లే మే, పైకి రా, అంది, ఇంకా పదిహేడు ఉండాయి మా, అంది జాయ్, పళ్ళు టకటకమంటున్నాయి, చదివి సార్ విజిల్ దించాడు, ఎవరు పెట్టమన్నారు అని ఆ డాక్టరు మళ్ళీ అడుగుతాడేమో, అడిగితే చెప్పాలి, నేనే, నేనే పెట్టమన్నాను, గ్లాసు దాకా నింపే ఈ పాడు చేతులే నా బిడ్డను కూడా నింపాయని, పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని పైకి లాగింది, వెనక ఎండలో కొలను నిండా నీళ్ళు, తన బిడ్డ తాకకుండా, వాడకుండా, ఉండనీ.