పోచమ్మ విడిచిన జాగ

ఆషాఢం వచ్చిందంటే కుమ్మరి సుక్కమ్మ ఊరి పిల్లలను వెంటేసుకొని పోచమ్మ రాయిని వెతకబోయేది. కల్వకుర్తి దిక్కు ఆ పల్లెలో పోచమ్మ ఏడాదికోసారి జాగ మారుతుందని అందరికీ తెలుసు. కనబడ్డచోట పసుపు రాసి, బోనం దించి, సుక్కమ్మ పిల్లలతో మాటలు చెప్పించేది: అమ్మ నిలబడ్డచోట మంట పెట్టొద్దు, ఇనుము తగలనియ్యొద్దు. అమ్మ ఎవరి జాగకు వస్తే వాళ్లు అది వదిలి, అమ్మ విడిచిన జాగకు పోవాలి. బడిపంతులు గుర్వయ్య కూడా వనమహోత్సవానికి మొక్కలు ఎక్కడ నాటాలో ఆమెనే అడిగేవాడు.

ఆరేళ్లుగా రాయి గుట్టమీది మోదుగుల్లోనే తిరిగింది. ఆ ఏడు అదే ఊరి కృష్ణయ్య అక్కడ బొగ్గుబట్టీలు పెట్టాడు. అమ్మ చుట్టూ పది చెట్లు వదిలి మిగతావన్నీ కొట్టించాడు. సుక్కమ్మ పోయి అడిగితే, నేను నియమం తప్పలేదు గదా అన్నాడు. బొగ్గు బండ్లు జడ్చర్లకు పోతూనే ఉన్నాయి. మాఘంలోనే బావి అడుగు తేలింది.

చైత్రంలో, వేళ కాని వేళ, రాయి కదిలింది. పొద్దున బట్టీ పక్కన, మాపటికి వాగొడ్డున కనబడిందని పసులుకాసేవాళ్లు చెప్పారు. ఆ కబురు వినగానే కృష్ణయ్య మిగిలిన పది చెట్లనూ కొట్టించాడు. ఊరి ఆడవాళ్లు ఎవరి వాకిలి వాళ్లు అలికి, అమ్మ ఎవరింటికి వస్తుందోనని ఎదురుచూశారు.

మూడోనాడు పొద్దున కృష్ణయ్య భార్య సాలమ్మ వంటింట్లోకి పోతే, పొయ్యి పక్కన రాయి ఉంది. ఒళ్లంతా బూడిద. ఆమె నీళ్లు తెచ్చి కడిగింది. పదేళ్ల బిడ్డ బాలనర్సమ్మ పొయ్యిలో నిప్పు ఆర్పేసి, మూలనున్న గొడ్డలిని బయట పెట్టింది.

కృష్ణయ్య చూసి, గడపమీది నుంచే వెనక్కి తిరిగి చెప్పులు తొడుక్కున్నాడు.

"సుక్కవ్వను అడిగొస్త. వేరే తొవ్వ ఉంటదేమో."

"అవ్వ మాకు ఏటేటా చెప్తనే ఉన్నది బాపూ," అన్నది బిడ్డ. "అమ్మ విడిచిన జాగకే, ఆ గుట్టమీదికే పోవాలె."

మధ్యాహ్నానికి కుండలు నెత్తిన పెట్టుకొని ముగ్గురూ గుట్ట ఎక్కారు. ఊరివాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒక్కరూ తిట్టలేదు. పైన నల్లటి నేల, మొద్దులు. కుండ దించుకుందామని సాలమ్మ నీడ కోసం చుట్టూ చూసింది, నిలబడే ఉన్నది. కృష్ణయ్య తలకు చుట్టిన రుమాలు విప్పి రెండు కర్రలకు కట్టి బిడ్డను దానికింద కూర్చోబెట్టాడు. తరువాత ఒక్కో మొద్దు దగ్గర వంగి, ఎక్కడన్నా చిగురు ఉన్నదేమోనని వేళ్లతో తడమసాగాడు.

బతికినన్నాళ్లూ అతని పని అదే అయింది.