నీలం తీగ రెండో కొస

"ఇన్ని తీగలు ఇంట్లో పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట నిప్పంటుకోదూ?" అంది ఐల్సా, ఇంకా అట్టపెట్టెలు విప్పకముందే.

"ఇది కరెంటు తీగ కాదు తల్లీ, మాటలు మోసే తీగ. భయపడటం మాని కిందికి దూరు," అన్నాడు మొగుడు ముర్డో.

దూరింది. చెక్క ఇల్లు, నేలకీ దానికీ మధ్య మూరెడు సందు. ముర్డో పొట్ట ఆ సందులో పట్టదు. పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఇరుకు పనులన్నీ ఐల్సావే. నడుముకు కట్టుకున్న తాడుతో తీగను వెనక ఈడ్చుకుంటూ, మొహానికి సాలెగూళ్లు తగులుతుంటే, చచ్చిన ఎలుకను మోచేత్తో పక్కకు నెడుతూ పాకింది. బయట టార్చి పట్టుకుని ముర్డో, "ఎడమకి! ఎడమకి! నీ ఎడమ కాదే, నా ఎడమ!" అని అరిచాడు. వంటింట్లోని ఇంటర్నెట్ పెట్టె నుంచి కూతురు బ్రయర్ గదికి, అక్కడి నుంచి పాలు పితికే షెడ్డుకు వైఫై తగ్గకుండా ఉండాలంటే మూడు తెల్ల పెట్టెల్నీ తీగతో కలపాలట. వాటన్నిటి మధ్యా ఒక స్విచ్. స్విచ్ అంటే దీపం మీట అనుకుంది ఐల్సా. కాదట. ఒక తీగలో వచ్చినదాన్ని ఎనిమిది తీగలకు పంచే చిన్న నల్ల పెట్టె. అంటే నాలాంటిదేనన్నమాట, అనుకుంది. దాన్ని బట్టలుతికే గదిలో, మిషను పైన అరలో పెట్టారు. ఆ గదిలోకి ఆమె తప్ప ఇంకెవరూ రారు కదా.

ఆదివారం అత్తగారు నోలీన్ వచ్చి టీ తాగుతూ, "ఇల్లంతా ఒక్కడివే తీగ లాగావా నాయనా! చిన్నప్పట్నుంచీ నీ చేతిలో పని అలా ఉంటుంది," అంటే ముర్డో "ఏముందమ్మా, రెండు పూటల పని," అన్నాడు. ఐల్సా చీజ్ రోల్స్ పళ్లెం అటు జరిపింది. మోచేతుల మీద గీరుకుపోయిన చోట ఇంకా మండుతోంది. లేస్తూ నోలీన్ ఉతికే గదిలోకి తొంగి చూసింది. "అమ్మాయ్, ఆ నీలం తీగేమిటి, పేగులా వేలాడుతోంది?"

మళ్లీ శుక్రవారం నోలీన్ వస్తుందని ఐల్సా గదంతా దులిపింది. నలభై దూడలకు పాలు పట్టి వచ్చి, చేతులు కూడా సరిగ్గా ఆరకముందే. వేలాడుతున్న ఆ కొసకు బట్టల నూగు చుట్టుకుని ఉంది. తుడిచి, నల్ల పెట్టెలో ఖాళీగా ఉన్న చోట దూర్చింది. టిక్‌మంది. చూడటానికి ఎంతో కుదురుగా అనిపించింది. ఆ తీగ మొదటి కొస కూడా అదే పెట్టెలో ఉందని ఆమె చూడలేదు. నిమిషంలో పెట్టె మీది చిన్న దీపాలన్నీ పిచ్చెత్తినట్టు ఒక్కసారే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. షెడ్డులో ఆవుల మెడపట్టీలు పంపే కబుర్లు రావడం ఆగిపోయింది. ఇంట్లో ఏ ఫోనులోనూ ఏదీ తెరుచుకోలేదు.

"బ్రయర్ పనే ఇది!" అన్నాడు ముర్డో. "పోయినవారం తన కంప్యూటరు తీగ తనే పెట్టుకుంది. దాని వేళ్లు ఊరుకోవు."

తడి చేత్తో ముట్టుకుని పెట్టెను కాల్చేశానేమో అనుకుంది ఐల్సా. చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచింది కూడా. అంతలో గేటు గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో ట్రక్కు వెనక్కి తీస్తూ ఆమె గుద్దిన గేటు. ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి పెళ్లికీ ముర్డో ఆ కథ చెబుతాడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఇప్పుడు దీన్ని కూడా కలుపుతాడు. నోరు మూసుకుంది. బ్రయర్ తండ్రినీ తల్లినీ ఒకసారి చూసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బుధవారం పదింటికి బ్రయర్‌కు పశువైద్యం చదువు కోసం వీడియోలో ఇంటర్వ్యూ. ఈ లోయలో ఫోను సిగ్నలు అందదు. ఊళ్లోకి తీసుకెళ్లమంటే, "దూడలు పుట్టే కాలంలో ఎవరు ఖాళీ? తనే చెడగొట్టుకుంది," అన్నాడు ముర్డో. దూడలకు పాలు పడుతున్నంతసేపూ ఐల్సాకు అదే ఆలోచన. పిల్ల ఇంటర్వ్యూ పోతుంది, ఇక్కడే ఉండిపోతుంది, పక్క ఫారం వాణ్నెవణ్నో చేసుకుంటుంది, వాడి ఇంటి కింద పాకుతుంది. అంతా తనవల్లే. తలుపు దగ్గర పెట్టిన పళ్లెం రోజూ ఖాళీ అయ్యేది కానీ, లోపలి నుంచి మాట వచ్చేది కాదు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి పెట్టెలు అమ్మిన దుకాణం మనిషి ల్యాండ్‌లైన్ స్పీకర్లో ముర్డోతో అన్నాడు: "పెట్టెలోంచి బయల్దేరిన తీగ మళ్లీ అదే పెట్టెలోకి వచ్చిందేమో చూడండి సార్. వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చి అక్కడక్కడే తిరుగుతుంటుంది. సర్దుదామని ఎవరో ఒకరు పెడుతుంటారు."

ఐల్సా చటుక్కున లేచింది. ముర్డో కుర్చీలోంచి కదలకముందే వెళ్లి నీలం కొస లాగేసింది. దీపాలు నెమ్మదించాయి. వంటింట్లో ముర్డో ఫోను టింగుమంది.

"చెప్పానా! బ్రయరే!" అన్నాడు ముర్డో, టీ కప్పుతో ఉతికే గది గుమ్మంలోకి వచ్చి, గెలిచినవాడిలా.

ఇంటర్వ్యూకు ఢోకా లేదు. ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చేతిలో తీగ కొస అలాగే ఉంది.

"అది నేను," అంది ఐల్సా.

"ఏంటీ?"

"శుక్రవారం నేనే పెట్టాను. మీ అమ్మ పేగులా ఉందంది కదా, అందుకని." తీగ కొస ఎత్తి చూపించింది. "ఇంటి కింద పాకి ఈ తీగలన్నీ లాగింది కూడా నేనే ముర్డో. చెబితే రెండూ కలిపి చెప్పు."

ముర్డో టీ కప్పు మిషను మీద పెట్టి షెడ్డు వైపు నడిచాడు.

ఐల్సా వెళ్లి కూతురి తలుపు పక్కన నేల మీద కూర్చుంది. "బ్రయర్, నెట్ వచ్చేసింది, పదింటికి మాట్లాడుకోవచ్చు. తప్పు నాదే తల్లీ. ఐదు రోజులు నాన్న నిన్ను అంటుంటే విని ఊరుకున్నాను."

షెడ్డు వైపు దూడలు అరిచాయి. ఇంక మాట్లాడదేమో, ఎప్పటికీ మాట్లాడదేమో అనుకుంటూ ఐల్సా గోడ పట్టుకుని లేవబోయింది.

"నువ్వు ఆ తీగ పెట్టడం శుక్రవారమే గుమ్మంలోంచి చూశానమ్మా," అంది లోపలి నుంచి బ్రయర్. "నువ్వు చెబుతావా లేదా అని చూస్తున్నా."