మహబూబ్ చెప్పిన తుపాకుల పాఠం

యుద్ధం ముగిసి, మహబూబ్ పల్టను నుంచి ఇల్లు చేరిన ఏడాది అది. రఫియాను చూడ్డానికి ఉప్పుగూడలో వాళ్లింటికి వచ్చాడు. నడిమి గదికి అడ్డంగా పర్దా కట్టారు. అటు మహబూబ్, రఫియా తండ్రి అబ్దుల్ వాహెద్. ఇటు రఫియా, ఆమె నాయనమ్మ అన్వరీ బేగం, ఇంట్లో అందరికీ దాదీ.

ఆ ఇంట్లో పెళ్లికొడుకును అడిగేది దాదీయే, అదీ పర్దా వెనక నుంచే. ఆమె మెచ్చకపోతే సంబంధం లేనట్టే. తండ్రి అడిగినవాటికి మహబూబ్ ఆయన నోటికేసే చూస్తూ చక్కగా జవాబులు చెప్పాడు. పర్దా చిరుగులోంచి చూస్తున్న రఫియాకు అప్పటికే మనసైంది. ఇక దాదీ వంతు.

"బేటా, మీ అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

అబ్దుల్ వాహెద్ పర్దా వైపు తిరగడం చూసి మహబూబ్ కూడా అటు తిరిగాడు. "మొదలు నాకిచ్చింది గొళ్లెం రైఫిల్, దాదీమా. గుండు గుండుకూ గొళ్లెం లాగాలె."

"మోకాళ్లకు గొళ్లెమేందే?" అంది దాదీ మెల్లగా.

"సిగ్గేమో" అంది రఫియా.

"వంటకు వంకలు పెడ్తవా బేటా?"

"సెమీ ఆటోమేటిక్‌ల గొళ్లెం పని తుపాకే చేసుకుంటది. కని ఘోడా, అదే తుపాకి మీట, ఒకసారి నొక్కితే ఒక్కటే గుండు. మళ్ల కావాలంటే మళ్ల నొక్కాలె."

అబ్దుల్ వాహెద్ పాన్ నమలడం మానేశాడు.

"కోపమొస్తే చెయ్యి లేస్తదా?"

"నేను పట్టింది ఆటోమేటిక్. ఘోడా నొక్కి పట్టుకుంటే గుండ్లు అయిపోయేదాక ఆగదు."

"లే పిల్లా, పోదాం" అని దాదీ లేవబోయింది.

రఫియా పాన్‌దాన్ మూత తీసి నేలకేసి కొట్టింది. తండ్రి ఉలిక్కిపడ్డాడు. మహబూబ్ తల కూడా తిప్పలేదు.

"ఆయనకు వినిపిస్తలేదు దాదీ. నోరు చూసి మాట తెలుసుకుంటున్నడు. పర్దా ఉంటే ఎట్ల తెలుస్తది?"

"చెవిటోనికిస్తమా నిన్ను?"

"నాకిష్టమే. ముఖం చూపిచ్చి అడుగు."

పరాయి మగవాడికి ముఖం చూపించని ముసలామె బిస్మిల్లా అనుకుని పర్దా పక్కకు జరిపింది.

"చెవులెట్ల పోయినయి?"

"ఆటోమేటిక్ పక్కన పండుకొని కాల్చిన దాదీమా. తుపాకి ఆగింది, చెవులల్ల మోత ఆగలే."

"మరి చెప్పొద్దా?"

"ఎవరూ అడగరు. అందరూ తుపాకులే అడుగుతరు. మీరు గూడ అదే అడిగిండ్రనుకున్న."

"కోపమొస్తే చెయ్యి లేస్తదా అని అడిగిన."

మహబూబ్ ముఖం పాలిపోయింది. "తోబా! కోపమొస్తే నేను బయటికి పోయి కూసుంట."

 దాదీ కొడుకు వైపు తిరిగింది. "ఒప్పుకున్న వాహెద్. కని పిల్లతోని మంచి లాంతరు పంపాలె. చీకట్ల ఈయనతోని ఏం మాట్లాడుతది?"

రఫియా పర్దాలో ముఖం దాచుకుంది. దాదీ మాటలను మహబూబ్ కళ్లారా చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.